మొదటి, మూడో ఆదివారాలు

మన ఒప్పందం కాగితాన్ని కోర్టులో వేద్దామా అని పిచ్చుక వాళ్ళ నాన్న ఫోన్ చేసి అడిగిన రోజు నాకు అన్నం సహించలేదు. ఊరక రారు మహానుభావులు. బడి ఫారం మీద సంతకం పెట్టమంటేనే పెన్ను కోసం నాలుగు జేబులూ వెతుక్కునే మనిషి, తనంతట తాను కోర్టు మెట్లెక్కుతానంటున్నాడంటే దాని వెనక ఏదో ఉండి తీరాలి.

పిచ్చుక అంటే మా అమ్మాయి. ఎనిమిదేళ్ళది. తినేది పిచ్చుకంతే, కిచకిచలు మాత్రం తెల్లారింది మొదలు ఆగవు. ఇక అతన్ని మా ఆయన అనడానికి నాకిప్పుడు హక్కు లేదు, పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు. మా మధ్య మిగిలిన చుట్టరికం అదొక్కటే గనక పిచ్చుక వాళ్ళ నాన్న అంటాను. ఎదురుపడితే నువ్వు అంటాను. మూడేళ్ళ కిందట విడాకులు మంజూరైన రోజున 'ఏవండీ'నీ 'మీరు'నీ కోర్టు హాల్లోనే వదిలేసి వచ్చాను.

నేను బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్లో పని చేస్తాను. పన్నెండేళ్ళుగా నా పని తప్పులు పట్టడం. కుట్టిన చొక్కాలు నా బల్ల మీదకు వస్తాయి. కాలరు తిరగేసి చూస్తాను, చంక దగ్గర కుట్టు లాగి చూస్తాను, గుండీకీ గుండీకీ మధ్య ఎడం కొలుస్తాను. కుట్టు జారిన చోట ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపిస్తాను. చొక్కాలో తప్పేమీ కనబడలేదంటే, అది బాగుందని కాదు, తప్పు నాకింకా దొరకలేదని అర్థం. ఈ బుద్ధి సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర విప్పేసి వచ్చేది కాదు. దాన్ని ఇంటికి మోసుకొచ్చావు కాబట్టే కాపురం చెడిందని అతను అనేవాడు. కాపురంలో కుట్లు జారాయి కాబట్టే పట్టుకున్నానని నేను అనేదాన్ని.

అతను సిటీ బస్సు డ్రైవరు. విడిపోయేటప్పుడు పిల్ల నా దగ్గరే ఉండేట్టూ, అతను సెలవు రోజున వచ్చి తీసుకెళ్ళి సాయంత్రానికి దింపేట్టూ మాట్లాడుకున్నాం. మా అన్నయ్య పిచ్చుక నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, 'నాన్నకి సెలవున్నప్పుడు, అమ్మ వీలును బట్టి' అని రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు. దానితోనే మూడేళ్ళు నడిచింది.

నడిచిందంటే, కుంటుకుంటూ నడిచింది. అతని సెలవు ఒక్కో వారం ఒక్కో రోజున పడుతుంది, డిపోలో డ్యూటీ చార్టు ఎలా వేస్తే అలా. మంగళవారం సెలవొస్తే పిల్ల బడిలో ఉంటుంది. అందుకని ఎవరితోనో డ్యూటీ మార్చుకుని, శనివారం సాయంత్రం ఫోన్ చేసి, రేపు వస్తాననేవాడు. కొన్నిసార్లు పంపించాను. కొన్నిసార్లు కుదరలేదు. పిల్లన్నాక ఒంట్లో నలతగా ఉండే రోజులుంటాయి. నాకూ వారం మొత్తం మీద ఖాళీ ఆదివారం ఒక్కటే. దాని జుట్టు చిక్కు తీసేదీ, అది చెప్పే కబుర్లు చివరిదాకా వినేదీ ఆ రోజే. కుదరదంటే అతను "సరేలే" అని పెట్టేసేవాడు. ఒక్కసారీ గొడవపడలేదు. గొడవపడని మొగుణ్ణి నమ్మొచ్చేమో గానీ, గొడవపడని మాజీ మొగుణ్ణి మాత్రం నమ్మకూడదు.

నా పక్క బల్ల మీద పని చేసే అక్కని సెక్షన్లో అందరం రేడియో అంటాం. ఎందుకో చెప్పక్కర్లేదు. సంగతి విన్నాక రేడియో చేతిలో చొక్కా పక్కన పెట్టింది. అంటే విషయం పెద్దదే. ఆర్డరు చేతికొచ్చాక మొగవాళ్ళు ఎలా తిరగబడతారో, పిల్లని చూడ్డానికని తీసుకెళ్ళి ఎలా అట్టే పెట్టేసుకుంటారో, తన తోటికోడలి చెల్లెలికి జరిగిందంటూ అరగంట చెప్పింది. ఆఖర్న గొంతు తగ్గించి, మొన్న డిపో మీదుగా వస్తుంటే, అక్కడి ఆఫీసు కిటికీ దగ్గర అతను ఎవరో ఆవిడతో పావుగంట పైగా మాట్లాడుతూ కనిపించాడని చెప్పింది. నవ్వుతూ మాట్లాడుతున్నాడట. ఆ 'నవ్వుతూ' దగ్గర కాస్త ఆగి మరీ చెప్పింది.

ఆ సాయంత్రమే అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కోర్టులో జతచెయ్యడానికి పిల్ల పుట్టిన తేదీ సర్టిఫికెట్ కాపీ కావాలని. పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఉంటే పాస్‌పోర్టు చేయించొచ్చు. పాస్‌పోర్టుంటే విమానం ఎక్కించొచ్చు. కొత్తావిడ, కొత్త ఊరు, కొత్త బడి. నేను ఆదివారం పొద్దున్న దువ్వెన పట్టుకుని ఖాళీ ఇంట్లో కూర్చోవడం. ఇదంతా నాకు సినిమాలా కనబడింది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతమే లేకపోతే ఒంటరి ఆడది ఇల్లెలా కాచుకుంటుంది?

గురువారం సగం రోజు సెలవు పెట్టి, ముఖానికి చున్నీ చుట్టుకుని, అతను నడిపే బస్సే ఎక్కాను. వెనక సీట్లో కూర్చున్నాను. నలభై నిమిషాలు అతని తల వెనక భాగం చూస్తూ ప్రయాణం చేశాను. మెడ దగ్గర జుట్టు కొత్తగా కత్తిరించి ఉంది. అదీ మనసులో రాసుకున్నాను. ఆఖరి స్టాపు డిపోయే. అందరితోపాటు దిగి, రిపేరుకు నిలబెట్టిన ఒక బస్సు చాటున నిలబడ్డాను.

రేడియో అబద్ధం చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కిటికీ లోపల కూర్చుని ఉంది. అతను కిటికీ చువ్వలు పట్టుకుని, నడుం వంచి, ఏదో చెబుతున్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతను నవ్వాడు. నాకు తెలిసిన నవ్వే అది. పెళ్ళైన కొత్తలో మా నాన్న దగ్గర నవ్వినది. కాసేపటికి ఆవిడ ఒక చీటీ రాసిచ్చింది. అతను దాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి ఒకసారి తట్టుకుని, సరాసరి నేనున్న బస్సు చాటుకే వచ్చాడు.

"ఎండలో నిలబడ్డావేం? రెండో స్టాపు దాటగానే అద్దంలో చూశాను" అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ వైపు ఫ్యాక్టరీ పనుండి వచ్చానన్నాను. ఏం పని అని అతను అడగలేదు. నేను మాత్రం ఆవిడెవరని అడిగాను. డ్యూటీ చార్టు వేసే మేడమ్ అన్నాడు. చీటీలో ఏముందన్నాను. నా పని గురించిలే అన్నాడు. ఆ 'లే' నాకు అస్సలు నచ్చలేదు. దాచేది లేకపోతే 'లే' ఎందుకు?

మర్నాడే వకీలమ్మ దగ్గరికి వెళ్ళాను. విడాకులప్పుడు నా తరఫున వాదించిన ఆవిడే. ముఖం మీదే మాట అనే రకం, కానీ పని తెలిసిన మనిషి. అన్నయ్య రాసిన కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చదివి, ఇది కోరలు లేని పామమ్మా అంది. రేపతను పిల్లని తీసుకెళ్ళి దింపకపోయినా దీన్ని చూపించి ఎవరినీ అడగలేవు. ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకుంటే జడ్జిగారు ఇద్దర్నీ పిలిచి, బలవంతం ఏమీ లేదని తేల్చుకుని, పిల్లకి మంచిదనిపిస్తే దాన్నే ఆర్డరుగా ఇస్తారు. అప్పుడు తప్పినవాళ్ళని కోర్టుకి లాగొచ్చు. అయితే 'వీలును బట్టి' లాంటి మాటలు పనికిరావు, ఏ రోజు, ఏ గంటకి, ఏ చోట అన్నది ఉండాలి, గడియారం చూసి తప్పిందో లేదో చెప్పగలిగేట్టుండాలి అని వివరించింది.

ఇది నాకు నచ్చింది. ఎత్తు వేస్తే పైఎత్తు వేద్దామనుకున్నాను. వారం రోజులు మధ్యాహ్నం భోజనం గంటలో కూర్చుని షరతులు రాశాను. నెలలో మొదటి, మూడో ఆదివారాలు అతనివి, తక్కినవి నావి. పొద్దున్న తొమ్మిదికి మా గేటు దగ్గర అప్పగించడం, సాయంత్రం ఏడుకి అక్కడే దింపడం. ఇద్దరిలో ఎవరైనా పిల్లని ఊరు దాటించాలంటే రెండోవాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పాస్‌పోర్టు చేయించాలన్నా అంతే. అన్నిటికంటే నాకు ముద్దొచ్చిన షరతు ఎనిమిదోది. ఎవరి వల్లయినా రోజు తప్పితే, ఆ తర్వాత వచ్చే రెండు ఆదివారాలూ రెండోవారివి. ఒంట్లో బాగాలేదని సాకు చెబితే డాక్టరు చీటీ చూపించాలి. డ్రైవర్ల సంగతి నాకు తెలియదా? నడుంనొప్పి వాళ్ళకి నాలిక చివరే ఉంటుంది.

వకీలమ్మ ఎనిమిదో షరతు దగ్గర ఆగి, ఇది గట్టిగా ఉంది, కావాలా అని అడిగింది. అదే ముఖ్యమన్నాను.

అతను వకీలమ్మ ఆఫీసుకొచ్చి ప్రతి పేజీ వేలు పెట్టి చదివాడు. గీసిగీసి బేరమాడతాడనుకున్నాను. కుక్కిన పేనులా కూర్చుని అన్నిటికీ తలూపాడు. ఎనిమిదో దాని దగ్గర మాత్రం తలెత్తి, "ఇది ఇద్దరికీ వర్తిస్తుందా అండీ?" అని అడిగాడు. వకీలమ్మ ఇద్దరికీ అంది. సంతకం పెట్టేశాడు. నాకు అనుమానం రెట్టింపైంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే తప్పు నేను చూడని చోట ఉంది. ఆ అయిదు పేజీలూ ఇంటికి తెచ్చుకుని, చొక్కా కాలరు తిరగేసినట్టు తిరగేసి చూశాను. దొరకలేదు.

ఫ్యామిలీ కోర్టులో కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర గుమాస్తా మమ్మల్ని రెండుసార్లు తిప్పి పంపాడు. మొదటిసారి మూడు సెట్లు కావాలన్నాడు. రెండోసారి నాలుగో పేజీ మీద నా సంతకం లేదన్నాడు. వరసలో మా ముందు నిలబడినవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా చెరో గోడా చూస్తున్నారు. మేమూ అంతే. అతను మంచినీళ్ళ సీసా నా వైపు చాచాడు. దాహం లేదన్నాను. నాలుక పిడచకట్టుకుపోయినా సరే, ఆ రోజు అతని నీళ్ళు తాగకూడదనుకున్నాను.

మూడు వారాల తర్వాత జడ్జిగారి గదికి పిలిచారు. పిల్లని కూడా తీసుకురమ్మన్నారు. చిన్న గది. ఫైళ్ళున్న బల్ల, దాని చుట్టూ కుర్చీలు, ఒక మూల పిల్లల కోసం రంగుపెన్సిళ్ళ డబ్బా. జడ్జిగారు పెద్దాయన, మెల్లగా మాట్లాడే మనిషి. నన్ను ఎవరూ బెదిరించలేదు కదా అని అడిగారు. లేదన్నాను. అతన్నీ అదే అడిగి, ఫైలు మూసి, మీ ఇద్దరి మధ్యా గొడవే లేనప్పుడు ఇన్నేళ్ళ తర్వాత కోర్టు ఆర్డరు ఎందుకు కావాల్సొచ్చింది అన్నారు.

నేను కుర్చీ అంచుకు జరిగాను. రెండు నెలలుగా నన్ను తినేస్తున్న ప్రశ్న అది.

అతను జేబులోంచి ఆ చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. కోర్టు ఆర్డరు జతచేసిన పక్షంలో నెలలో రెండు ఆదివారాలు సెలవుగా వేయడానికి వీలవుతుందని డ్యూటీ మేడమ్ రాసిచ్చిన ముక్క. డిపోలో అందరికీ పెళ్ళాం పిల్లలున్నారనీ, ఆదివారం అందరికీ కావాలనీ, కోర్టు కాగితం లేనిదే ఒక్కడికి రాస్తే తక్కినవాళ్ళు ఊరుకోరనీ మేడమ్ చెప్పిందట. ఇప్పుడైతే ఒక ఆదివారం కోసం వేరే డ్రైవరుకి రెండు డ్యూటీలు చేసి పెట్టాల్సి వస్తోందన్నాడు.

"ఈ సంగతి ఈవిడకి ముందే చెప్పలేదా?" అని జడ్జిగారు అడిగారు.

"చెబితే ఒప్పుకోదేమోనని భయమేసిందండీ" అన్నాడు.

నాకు ముందు కోపమొచ్చింది. నన్ను అంత మాట అంటాడా అని. ఆ తర్వాత లోపల ఏదో లెక్క తనంతట తానే మొదలైంది. ఒక ఆదివారానికి రెండు డ్యూటీలు. శనివారం సాయంత్రం ఫోన్ చేసి రేపు వస్తానన్నాడంటే, అప్పటికే ఆ రెండూ చేసేసి ఉంటాడు. ఆ మీదటే నేను కుదరదనేదాన్ని. అతను సరేలే అనేవాడు. ఆ లెక్క ఆపుదామంటే ఆగలేదు.

జడ్జిగారు పిచ్చుక వైపు తిరిగారు. అది రంగుపెన్సిల్ చెవిలో పెట్టుకుని తిప్పుతోంది. నాన్న దగ్గరికి వెళ్తుంటావా అమ్మా అని అడిగారు.

"వెళ్తానండీ, జ్వరం రాకపోతే."

"జ్వరం తరచుగా వస్తుందా?"

"నాకు తెలీదండీ" అంది పిచ్చుక. "శనివారం సాయంత్రం నాన్న ఫోన్ చేసినప్పుడు అమ్మకి తెలుస్తుంది."

వకీలమ్మ ఫైలులోకి తల దించేసింది. నాకు భూమి రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. దానికి ఏదీ తెలియదనుకున్నాను. అది పక్క గదిలో బొమ్మలు వేసుకుంటూ ఉండేది, నేను వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. ఎన్నిసార్లు విన్నదో. విని, ఏమీ అడగకుండా, మర్నాడు నేను జుట్టు దువ్వుతుంటే ఎన్నిసార్లు బుద్ధిగా కూర్చుందో.

"దానిది జలుబు తత్వం సార్" అన్నాడు అతను. "చల్లనీళ్ళు తాగొద్దంటే వినదు. వెంటనే ఒళ్ళు కాలుతుంది."

నేను అతని ముఖం చూశాను. అలవాటు కదా, అక్కడా వెతికాను. నన్ను ఇరికించే మాటా, వెక్కిరింతా అని చూశాను. అతను పిల్ల చెవిలోంచి పెన్సిల్ తీసి డబ్బాలో పెడుతున్నాడు. అంతకు మించి ఏమీ లేదు.

జడ్జిగారు ఫైలు మళ్ళీ తెరిచి చివరి పేజీ దాకా వచ్చారు. ఎనిమిదో షరతు ఎవరు రాయించారని అడిగారు. నేనేనన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. ఇది ఇలాగే ఉంటే, ఒక శనివారం మీరు పిల్లకి బాగాలేదన్నారనుకోండి, డాక్టరు చీటీ లేదనుకోండి, తర్వాతి రెండు ఆదివారాలూ ఆయనవే. మీరు ఇవ్వనంటే ఆయన ఇక్కడికే వస్తారు, మేం మిమ్మల్ని పిలిపిస్తాం. షరతు తీసేసినా ఒప్పందానికి లోటు లేదు. ఆలోచించుకోండి అన్నారు.

"తీసేయించండి సార్" అన్నాడు పిచ్చుక వాళ్ళ నాన్న. "నాకది అక్కర్లేదు. ఆదివారాలుంటే చాలు."

వకీలమ్మ అప్పటికే పెన్ను మూత తీసి, కొట్టేసే చోట పక్కన నేను పొట్టి సంతకం పెడితే సరిపోతుందని నా వైపు జరిపింది.

పెన్ను తీసుకున్నాను. ఒక్క గీత. ఆ గీత గీస్తే ఈ గదిలో జరిగింది ఈ గదిలోనే ఉండిపోతుంది. జలుబు తత్వమన్న మాటే మిగులుతుంది. మొదటి ఆదివారం ముందు శనివారం వస్తుంది, సాయంత్రమవుతుంది, ఫోన్ మోగుతుంది. నన్ను నేనెరుగుదును. అబద్ధమాడాలని నేను ఏ రోజూ ముందుగా అనుకోలేదు. ఫోన్ ఎత్తేదాన్ని, పిల్ల లేని ఇల్లు కళ్ళ ముందు కనబడేది, నోటికి జ్వరమన్న మాట వచ్చేసేది. ఆ తర్వాత దానికి మంచినీళ్ళు కూడా గోరువెచ్చగా కాచి ఇచ్చేదాన్ని, నిజంగానే జ్వరమొచ్చినట్టు. ఇన్నాళ్ళూ అతను ఎక్కడ మాట తప్పుతాడా అని వేయి కళ్ళతో కాపలా కాశాను. తప్పిన మాటలన్నీ నావే. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది, ఎందుకంటే సిగ్గు శనివారం దాకా నిలవదని నాకు తెలుసు.

పెన్ను వకీలమ్మ ముందు పెట్టేశాను.

"ఉంచండి సార్."

జడ్జిగారు ఎందుకని అడిగారు. వకీలమ్మ బల్ల కింద నా మోచెయ్యి పట్టుకుంది. పిల్ల ఉన్న చోట చెప్పకూడదనిపించింది. కానీ పిల్లకి తెలియనిదేముంది?

"అది లేకపోతే నేను పంపించను" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. జడ్జిగారు చూశారు, చాలాసేపే చూశారు. ఆ తర్వాత మొదటి పేజీకి వెళ్ళి, అయిదు పేజీల కిందా సంతకాలు పెట్టి, గుమాస్తాని పిలిచి ముద్ర వేయించమన్నారు.

కాపీల కోసం వరండాలో గంటసేపు కూర్చున్నాం. అతను అవతలి చివర, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను బెంచీ మీద. పిచ్చుక నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి విప్పుతూ, ఈ ఆదివారం ఎన్నోదమ్మా అని అడిగింది.

"మొదటిది" అన్నాను.

అది నా ముఖంలోకి కాసేపు చూసింది. ఇంకేమైనా చెబుతానేమోనని కాబోలు ఎదురుచూసింది. జ్వరం మాట నేనెత్తలేదు. అప్పుడు నా చెయ్యి వదిలేసి, ఆ సంగతి వాళ్ళ నాన్నకి చెప్పడానికి వరండా పొడవునా పరుగెత్తింది. నాకు ఏడుపొచ్చింది. అయినా దాన్ని వెనక్కి పిలవలేదు.